రెండు ఎయిర్‌పోర్టుల మధ్య విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టడం ఎలా?

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఎంత అంటే జవాబు ఒక్కటే ఉంటుంది. ఎంతసేపు పడుతుంది అంటే మాత్రం ఏ దిక్కుకు, ఏ నెలలో, ఏ రకం విమానంలో అని తిరిగి అడగాల్సి వస్తుంది. లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి వెళ్లే విమానానికి షెడ్యూల్‌లో దాదాపు 8 గంటలు ఉంటుంది. అదే విమానం తిరిగి వచ్చేటప్పుడు దాదాపు 7 గంటలే. దూరంలో మార్పేమీ లేదు. ఆ గంట ఎక్కడికి పోయిందో అర్థమైతే మిగతా లెక్కంతా తేలికే. అందుకే ఈ జంటనే ఉదాహరణగా తీసుకుని చివరిదాకా లెక్క వేద్దాం.

ముందు ఎయిర్‌పోర్టు ఏదో తేల్చుకోండి

ఊరి పేరుతో లెక్క మొదలుపెట్టకండి. లండన్‌కి, న్యూయార్క్‌కి, టోక్యోకి ఒకటికి మించి ఎయిర్‌పోర్టులున్నాయి. టోక్యోలో హనేదా నగరాన్ని ఆనుకుని ఉంటే, నరిటా దానికి దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. విమాన దూరంలో ఇది పెద్ద తేడా కాదు కానీ, ఒకచోట దిగి రెండోచోట ఇంకో విమానం ఎక్కాల్సి వస్తే సగం పూట అక్కడే గడిచిపోతుంది.

దాదాపు ప్రతి పెద్ద ఎయిర్‌పోర్టుకీ రెండు కోడ్‌లుంటాయి. టికెట్ మీద, లగేజీ ట్యాగ్ మీద కనిపించే మూడక్షరాలది ఐఏటీఏ కోడ్. పైలట్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్లు వాడే నాలుగక్షరాలది ఐసీఏఓ కోడ్. హీత్రోకి మొదటిది ఎల్‌హెచ్‌ఆర్, రెండోది ఈజీఎల్‌ఎల్. టికెట్లు వెతికేటప్పుడు కనిపించే ఎల్‌ఓఎన్, ఎన్‌వైసీ లాంటివి నగరం మొత్తానికి ఇచ్చిన కోడ్‌లు. వాటితో దూరం లెక్కగట్టలేం.

పేర్లు కలిసినచోట మరింత జాగ్రత్త. ఆస్ట్రేలియాలోని సిడ్నీ కోడ్ ఎస్‌వైడీ. కెనడాలోని నోవా స్కోషియాలో ఇంకో సిడ్నీ ఉంది, దాని కోడ్ వైక్యూవై. ఒకదానికి బదులు రెండోదానికి టికెట్ కొని అక్కడ దిగినవాళ్లు నిజంగానే ఉన్నారు.

అక్షాంశం, రేఖాంశం రాసుకోండి

ఎయిర్‌పోర్టు పేరు పక్కన ఈ రెండు అంకెలూ వికీపీడియాలోనో, ఏ మ్యాప్ యాప్‌లోనో దొరుకుతాయి. మనకు కావాల్సింది దశాంశ రూపం. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటే నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి డిగ్రీలకు కలపాలి. జేఎఫ్‌కే అక్షాంశం 40 డిగ్రీల 38 నిమిషాల 23 సెకన్లు అంటే 40.64 అన్నమాట.

ఉత్తరం, తూర్పు ప్లస్. దక్షిణం, పడమర మైనస్. ఈ చిన్న నియమాన్ని మరిచిపోవడం వల్లే ఎక్కువ లెక్కలు తప్పుతాయి.

హీత్రో: 51.47, −0.45
జేఎఫ్‌కే: 40.64, −73.78

జేఎఫ్‌కే దగ్గర ఆ మైనస్ వదిలేస్తే మీ విమానం న్యూయార్క్‌లో కాక కిర్గిజ్‌స్థాన్‌లో దిగుతుంది. లెక్కలో వచ్చిన దూరం నమ్మేట్టే కనిపిస్తుంది కాబట్టి ఈ తప్పు ఒక పట్టాన దొరకదు.

దూరం: చదునైన మ్యాప్‌ను నమ్మకండి

గోడ మీది ప్రపంచ పటంలో రెండు ఊళ్ల మధ్య స్కేలు పెట్టి గీసిన గీత అతి దగ్గరి దారి కాదు. మనం ఎక్కువగా చూసే మెర్కేటర్ పటం 1569 నాటిది, నావికుల అవసరాల కోసం తయారైంది. అందులో దిక్కులు సరిగ్గా ఉంటాయి కానీ, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ నేల సాగిపోతుంది. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపించేది అందుకే. నిజానికి ఆఫ్రికా దానికి దాదాపు 14 రెట్లు పెద్దది.

గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తం వెంట ఉంటుంది. భూమి కేంద్రం గుండా, రెండు ఊళ్ల గుండా ఒక కోత కోస్తే ఉపరితలం మీద పడే గీతే మహావృత్తం. మాడ్రిడ్, న్యూయార్క్ రెండూ ఇంచుమించు 40.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి కదా, నేరుగా పడమటికి పోతే సరిపోతుందని అనిపిస్తుంది. ఆ అక్షాంశాన్ని పట్టుకుని పోతే దాదాపు 5,930 కిలోమీటర్లు. మహావృత్తం వెంట పోతే సుమారు 5,760. ఈ దగ్గరి దారి మధ్యలో 46 డిగ్రీల ఉత్తరం దాకా పైకి వెళ్లి మళ్లీ కిందికి వస్తుంది. విమానంలో సీటు ముందున్న తెరపై దారి విల్లులా వంగి కనబడితే చుట్టూ తిప్పుతున్నారని కంగారు పడక్కర్లేదు, వంపు పటంలోదే.

లెక్కలంటే ఇష్టం లేనివాళ్లకు ఒక గ్లోబు, ఒక దారం చాలు. రెండు ఊళ్ల మధ్య దారాన్ని బిగుతుగా లాగితే అది తనంతట తానే మహావృత్తం మీద నిలబడుతుంది. గ్లోబు వ్యాసం 30 సెంటీమీటర్లయితే ఒక్కో సెంటీమీటరుకి 425 కిలోమీటర్లు. హీత్రోకి, జేఎఫ్‌కేకి మధ్య దారం 13 సెంటీమీటర్లు వస్తుంది, అంటే 5,525 కిలోమీటర్లు. అసలు లెక్కకు ఇది ఎంత దగ్గరగా ఉందో ఇప్పుడే చూస్తారు.

హేవర్‌సైన్ లెక్క

దూరం లెక్కగట్టడానికి ఎక్కువమంది వాడే సూత్రం ఇదే. సైంటిఫిక్ కాల్‌క్యులేటర్ ఉంటే ఐదు నిమిషాల పని.

1. అక్షాంశాల తేడా 10.83. అందులో సగం 5.415. దాని సైన్ తీసి వర్గం చేస్తే 0.0089.

2. రేఖాంశాల తేడా 73.33. అందులో సగం 36.665. దాని సైన్ వర్గం 0.3566.

3. రెండు అక్షాంశాల కొసైన్లను (0.6229, 0.7588) ఒకదానితో ఒకటి గుణించి, వచ్చినదాన్ని రెండో మెట్టులోని 0.3566తో గుణించండి. 0.1685 వస్తుంది.

4. దానికి మొదటి మెట్టులోని 0.0089 కలిపితే 0.1774. దీని వర్గమూలం 0.4212.

5. ఆ వర్గమూలానికి సైన్ ఇన్వర్స్ తీసి రెట్టింపు చేస్తే 0.8696 రేడియన్లు (రేడియన్ కూడా కోణాన్ని కొలిచే యూనిట్టే, దాదాపు 57.3 డిగ్రీలు; జవాబు డిగ్రీల్లో వస్తే 57.3తో భాగించండి). భూమి సగటు వ్యాసార్థం 6,371తో గుణిస్తే 5,540 కిలోమీటర్లు.

ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో చేస్తుంటే, అక్కడి సైన్, కొసైన్ ఫంక్షన్లు కోణాన్ని రేడియన్లలోనే తీసుకుంటాయి. ముందు ప్రతి కోణాన్నీ రేడియన్లలోకి మార్చాలి. జవాబు అర్థంపర్థం లేకుండా వస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

రేఖాంశాల తేడా 180 దాటితే? టోక్యో 139.78, లాస్ ఏంజెలస్ −118.41. తేడా 258 డిగ్రీలు. కంగారు వద్దు. ఈ సూత్రంలో సైన్ వర్గం ఉంది కాబట్టి, అటు నుంచి 258 అన్నా ఇటు నుంచి 102 అన్నా ఒకే జవాబు వస్తుంది. దూరం దాదాపు 8,800 కిలోమీటర్లు.

జవాబు సరైనదో కాదో చూసుకోవడానికి ఒక హద్దు గుర్తుంచుకోండి. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యా మహావృత్త దూరం 20,000 కిలోమీటర్ల పైచిలుకు దాటదు, ఎందుకంటే అది భూమి చుట్టుకొలతలో సగం. అంతకు మించి వచ్చిందంటే ఎక్కడో తప్పు చేసినట్టే.

ఒక్కో సైట్ ఒక్కో దూరం ఎందుకు చూపిస్తుంది?

భూమి పూర్తి గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 నమూనా ఈ తేడాను లెక్కలోకి తీసుకుంటుంది. భూమి కొలతల నిపుణుడు విన్సెంటీ 1975లో ఇచ్చిన పద్ధతితో లెక్కించే సైట్లు కూడా అంతే. మన ఉదాహరణకు అవి దాదాపు 15 కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తాయి. గోళం లెక్కలో తప్పు సాధారణంగా అర శాతంలోపే ఉంటుంది. ప్రయాణికుడికి అది ఒక నిమిషం పని. దాని గురించి వాదించుకోవడం దండగ.

యూనిట్ల గందరగోళం మాత్రం నిజంగా కొంప ముంచుతుంది. విమానయానంలో మైలంటే నాటికల్ మైలు, సరిగ్గా 1.852 కిలోమీటర్లు. రోడ్డు మైలు 1.609. మన 5,540 కిలోమీటర్లు నాటికల్ మైళ్లలో 2,991, రోడ్డు మైళ్లలో 3,442. ఎవరైనా మైళ్లలో దూరం చెబితే ఏ మైళ్లో అడగండి. వేగంలో వచ్చే నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు.

ఏ సమయం కావాలి?

టికెట్ మీద ఉండేది గాల్లో ఉండే సమయం కాదు. విమానం గేటు వదిలిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయం. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. విమానం నేల మీద మెల్లగా రన్‌వే దాకా వెళ్లడం, టేకాఫ్ కోసం క్యూలో నిలబడటం, దిగాక గేటు కోసం ఎదురుచూడటం అన్నీ ఇందులోనే. గాల్లో ఉండే సమయం దీనికన్నా తక్కువ. రద్దీ ఎయిర్‌పోర్టుల్లో ఈ తేడా అరగంట దాటడం మామూలే.

ఎయిర్‌లైన్లు షెడ్యూల్‌లో కొంత అదనపు సమయం కూడా కలుపుతాయి. ఆలస్యంగా బయల్దేరినా అనుకున్న వేళకు చేరినట్టు చూపించుకోవచ్చు. అమెరికా రవాణా శాఖ లెక్కలో షెడ్యూల్ దాటి 15 నిమిషాల లోపు వస్తే టైముకి వచ్చినట్టే. పైలట్ మైకులో అనుకున్నదానికంటే ముందే దిగుతున్నామని చెప్పినప్పుడు దానికి కారణం చాలాసార్లు ఆ అదనపు నిమిషాలే.

వేగం ఎంత వేసుకోవాలి?

ఏ320, బోయింగ్ 737 లాంటివి పైకెక్కాక మాక్ 0.78 (అంటే ధ్వని వేగానికి 0.78 రెట్లు) దగ్గర ఎగురుతాయి. 787, ఏ350 లాంటి పెద్దవి మాక్ 0.85 దగ్గర. నేల మీద ధ్వని వేగం గంటకు 1,225 కిలోమీటర్లయినా, 35,000 అడుగుల ఎత్తున చలికి అది 1,070కి దగ్గర పడుతుంది. అందుకే మొదటి రకానికి గంటకు 830, రెండో రకానికి 900 కిలోమీటర్లు వేసుకుంటే సరిపోతుంది. ఏటీఆర్ 72 లాంటి ప్రొపెల్లర్ విమానాలకు 500.

ఇప్పుడు నేను వాడే సూత్రం: దూరాన్ని వేగంతో భాగించి, ఎక్కడం దిగడం, నేల మీద తిరగడం కోసం చిన్న ప్రయాణానికి 30 నిమిషాలు, పెద్ద ప్రయాణానికి 40 కలపండి. 500 కిలోమీటర్ల దూరానికి ఏ320లో 36 నిమిషాలు, దానికి 30 కలిపితే గంటా ఆరు నిమిషాలు. దూరం సగమైతే సమయం సగం ఎందుకు కాదో ఇక్కడే తెలుస్తుంది. ఆ 30 నిమిషాలు ఎక్కడికీ పోవు.

మరీ చిన్న దూరాలకు ఈ సూత్రం పనికిరాదు. స్కాట్లండ్ ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి 2.7 కిలోమీటర్లు. చిన్న ప్రొపెల్లర్ విమానం రెండు నిమిషాల్లోపే దిగిపోతుంది. అక్కడ అరగంట కలిపితే నవ్వుతారు.

గాలి: పోయిన గంట ఇక్కడుంది

ఉత్తరార్ధగోళంలో 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం వీస్తుంది. చలికాలంలో దాని జోరు ఎక్కువ, ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. విమానం తన చుట్టూ ఉన్న గాలిలో 900తోనే ఎగురుతుంది. ఆ గాలే కదులుతుంటే నేలతో పోలిస్తే వేగం మారిపోతుంది. తూర్పుకి పోయేటప్పుడు గాలి వేగాన్ని కలపాలి, పడమటికి తీసేయాలి.

మన ఉదాహరణలో సగటు గాలి 100 కిలోమీటర్లు అనుకుందాం. నిజంగా ఎగిరే దారి మహావృత్తం కన్నా కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి 4 శాతం కలిపి 5,760 కిలోమీటర్లు వేసుకుందాం.

లండన్ నుంచి న్యూయార్క్: 5,760ని 800తో భాగిస్తే 7 గంటల 12 నిమిషాలు. 40 నిమిషాలు కలిపితే 7 గంటల 52 నిమిషాలు.

న్యూయార్క్ నుంచి లండన్: 5,760ని 1,000తో భాగిస్తే 5 గంటల 46 నిమిషాలు. 40 కలిపితే 6 గంటల 26 నిమిషాలు. షెడ్యూల్‌లో పెట్టే అదనపు నిమిషాలతో 7కి దగ్గరవుతుంది.

పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు తిరిగి దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. దొరకదు. గాలి లేకపోతే గాల్లో రాకపోకలకు 12 గంటల 48 నిమిషాలు. గాలి ఉంటే 12 గంటల 58 నిమిషాలు. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది, వెనుకగాలిలో తక్కువసేపు ఉంటుంది. అందుకే మొత్తం మీద నష్టమే.

గాలి ఎంత తేడా తేగలదో 2020 ఫిబ్రవరిలో తెలిసింది. సియారా తుపాను సమయంలో ఒక బోయింగ్ 747 జేఎఫ్‌కే నుంచి హీత్రోకి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేలతో పోలిస్తే దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా అది ధ్వని వేగాన్ని దాటినట్టు కాదు. చుట్టూ ఉన్న గాలిలో దాని వేగం మామూలుగానే ఉంది మరి.

వంకర దారులు

ఆ 4 శాతం అన్ని దారులకీ సరిపోదు. ఉత్తర అట్లాంటిక్ మీద గాలిని బట్టి రోజుకు రెండుసార్లు కొత్త ట్రాక్‌లు (విమానాలు పోయే దారులు) ప్రకటిస్తారు, అందుకే నిన్నటి దారి ఇవాళ ఉండకపోవచ్చు. రెండు ఇంజిన్ల విమానాలకు ఇంకో షరతుంది. ఒక ఇంజిన్ ఆగిపోయినా అనుమతించిన సమయంలోగా ఏదో ఒక ఎయిర్‌పోర్టు చేరుకోగలగాలి. చాలా విమానాలకు ఇది 180 నిమిషాలు. దక్షిణార్ధగోళంలోని మహాసముద్రాల మీద ఈ నియమం దారిని బాగానే వంచుతుంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ మూసేసిన గగనతలం. 2022లో యూరప్ ఎయిర్‌లైన్లకు రష్యా గగనతలం మూతపడ్డాక హెల్సింకి నుంచి టోక్యోకి సుమారు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం 13 గంటలకు చేరింది. రెండు ఊళ్ల మధ్య మహావృత్త దూరం మాత్రం ఒక్క కిలోమీటరు కూడా మారలేదు. మీ దారిలో ఇలాంటి ప్రాంతం ఉంటే సూత్రాన్ని పక్కనపెట్టి, ఈ నెలలో నిజంగా ఎగిరిన విమానాల సమయాలు చూడటం మేలు.

గడియారాలతో జాగ్రత్త

టికెట్ మీద బయల్దేరే టైము బయల్దేరే ఊరిది, చేరే టైము చేరే ఊరిది. రెండింటినీ తీసివేస్తే ప్రయాణ సమయం రాదు. రెండింటినీ ముందు యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలోకి) మార్చండి, తర్వాతే తీసివేయండి.

టోక్యోలో 10వ తేదీ సాయంత్రం 5 గంటలకు బయల్దేరారు. టోక్యో యూటీసీకి 9 గంటలు ముందు, అంటే యూటీసీ ఉదయం 8. ప్రయాణం 10 గంటలయితే యూటీసీ సాయంత్రం 6. చలికాలంలో లాస్ ఏంజెలస్ యూటీసీకి 8 గంటలు వెనుక. అక్కడ 10వ తేదీ ఉదయం 10 గంటలు. బయల్దేరక ముందే చేరినట్టుంది కదా! మధ్యలో అంతర్జాతీయ దినరేఖ దాటారు, అంతే. తిరుగు ప్రయాణంలో 10వ తేదీ ఉదయం 10కి లాస్ ఏంజెలస్‌లో ఎక్కి 12 గంటలు ఎగిరితే, టోక్యోలో దిగేసరికి 11వ తేదీ మధ్యాహ్నం 3. టికెట్ మీద టైము పక్కన +1 అని ఉండేది ఇందుకే.

గడియారాలను గంట ముందుకు జరిపే వేసవి సమయం ఇంకో చిక్కు. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం. ఆ మధ్య రెండు మూడు వారాలు లండన్, న్యూయార్క్ మధ్య తేడా 5 గంటలు కాదు, 4. భారత్ యూటీసీకి ఐదున్నర గంటలు, నేపాల్ 5 గంటల 45 నిమిషాలు ముందు కాబట్టి తేడాలు ఎప్పుడూ పూర్తి గంటల్లోనే ఉంటాయనుకోకండి.

సరిచూసుకోవడం

దూరానికి గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్ చాలు, రెండు కోడ్‌లు ఇస్తే గీత కూడా గీసి చూపిస్తుంది. సమయానికి ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ అనే ట్రాకింగ్ సైట్లలో అదే ఫ్లైట్ నంబర్ గత వారం రోజుల్లో నిజంగా ఎప్పుడు ఎగిరి ఎప్పుడు దిగిందో చూడండి. నా దృష్టిలో ఏ కాల్‌క్యులేటర్ కన్నా ఇదే నమ్మదగింది. ఒక్క రోజు చూసి తేల్చేయకండి, గాలి రోజుకో రకంగా ఉంటుంది.

మధ్యలో ఆగే ప్రయాణాలు

నాన్‌స్టాప్ అంటే ఎక్కడా ఆగదు. డైరెక్ట్ అంటే ఫ్లైట్ నంబర్ మారదు కానీ మధ్యలో ఆగవచ్చు. ఈ తేడా తెలియక చాలామంది ఇబ్బంది పడతారు. కనెక్టింగ్ ఫ్లైట్లయితే ప్రతి భాగాన్నీ విడిగా లెక్కగట్టి, మధ్య ఎయిర్‌పోర్టులో వేచి ఉండే సమయాన్ని కలపాలి. 30 లేదా 40 నిమిషాలు కలిపే నియమం ప్రతి భాగానికీ మళ్లీ వర్తిస్తుంది. అందుకే ఒక్కసారి ఆగినా, మొత్తం దూరం పెద్దగా పెరగకపోయినా సమయం బాగా పెరుగుతుంది.

దూరం ఒక్కోసారి డబ్బుతో కూడా ముడిపడి ఉంటుంది. విమానం బాగా ఆలస్యమైనా, రద్దయినా యూరోపియన్ యూనియన్ 261/2004 నిబంధన కింద వచ్చే నష్టపరిహారానికి 1,500, 3,500 కిలోమీటర్లు హద్దులు. ఆ దూరాన్ని మహావృత్తం మీదే కొలవాలని నిబంధనలోనే రాసి ఉంది. ఒకే బుకింగ్‌లోని కనెక్టింగ్ ఫ్లైట్లకు ఏం చేయాలన్న ప్రశ్నకు యూరోపియన్ కోర్టు 2017లో జవాబిచ్చింది. భాగాల దూరాలు కూడకూడదు, మొదట ఎక్కిన ఎయిర్‌పోర్టుకీ చివర దిగేదానికీ మధ్య మహావృత్త దూరమే లెక్క. ఆలస్యాన్ని కొలిచేటప్పుడు కూడా చక్రాలు రన్‌వేను తాకిన క్షణం కాదు, దిగడానికి ఒక తలుపైనా తెరిచిన క్షణమే చేరిన సమయం అని 2014లో అదే కోర్టు చెప్పింది. అలాంటి క్లెయిమ్ వేసేటప్పుడు తలుపు తెరిచిన టైమును రాసిపెట్టుకోండి, ఎందుకంటే ట్రాకింగ్ సైట్లలో కనిపించేది సాధారణంగా ల్యాండింగ్ టైమే.